హీరో చెయ్యి వదిలేశాడు

ఈ సంభాషణ జరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో, ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపు నడిపిన పెద్దాయన ఇంట్లో. ఆయనతో మాట్లాడిన ఆమె 1980ల్లో వారపత్రికలకు ప్రేమ నవలలు రాసిన రచయిత్రి. అంతకుముందు ఆయన షాపులో రోజుకి పావలా ఇచ్చి పుస్తకాలు తెచ్చుకున్న పిల్ల. ఆయన్ని అప్పట్నించీ బాబాయ్ అనే పిలుస్తుంది. పాత నవల ఒకదాన్ని తిరగరాసి, అచ్చుకిచ్చే ముందు ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరి పేర్లతో మనకు పని లేదు. ఎవరిది పైచేయి అయిందని మాత్రం నన్నడక్కండి, నాకూ తేలలేదు.

బాబాయి: చదివానమ్మాయ్. కళ్లు మునుపట్లా లేవుగా, ఆలస్యమైంది. బాగుంది. అచ్చెయ్యించకు.

రచయిత్రి: బాగుందంటూనే వద్దంటారేంటి బాబాయ్?

బాబాయి: బాగుంది గనకే వద్దంటున్నా. బాగోకపోతే ఎవరూ చదవరు, పాత పుస్తకానికి వచ్చిన నష్టం లేదు. ఇది చదివినవాళ్లు ఇక పాతదాన్ని వెతకరు. నా దగ్గర అద్దెకు తీసుకెళ్లి అంతమంది ఆడవాళ్లు చదివిన పుస్తకం ఒకటుందే, అది లోకంలో లేకుండా పోతుంది.

రచయిత్రి: ఆ చదివినవాళ్లే ఇప్పుడు నన్నడుగుతున్నారు, ఆ హీరోని ఆ రోజుల్లో ఎలా భరించామండీ అని.

బాబాయి: అడిగేవాళ్లు నీ దగ్గరికొస్తారు. అడగనివాళ్లు బైండు చేయించుకుని బీరువాలో పెట్టుకున్నారు. వారం వారం పత్రిక పిన్నులు ఊడదీసి, నీ సీరియల్ కాగితాలు విడిగా తీసి, వరస తప్పకుండా దాచి, చివరికి కుట్టించుకునేవాళ్లు. బొమ్మలతో సహా. బైండింగతను అంచులు కోసేటప్పుడు బొమ్మలో హీరోయిన్ జడ కొస తెగిపోయిందని ఒకావిడ వాడితో ఎంత పోట్లాడిందో నాకు ఇంకా గుర్తే. అట్టా దాచుకున్నది ఇంకా నీదొక్కదానిదే అంటావా?

రచయిత్రి: వాళ్ల బీరువాలో ఉన్నదాని జోలికి నేను పోవడం లేదుగా. నాది నేను మార్చుకుంటున్నాను.

బాబాయి: మార్చింది ఏది? గాంధీనగర్లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో టైపిస్టు పిల్ల. కంకిపాడు దగ్గర రైసుమిల్లు వాళ్లబ్బాయి. బందరు కాలువ గట్టు మీద వాన. వాడు ఆ పిల్ల మణికట్టు పట్టుకుంటాడు. విడిపించుకోబోతే వదలడు. నా షాపుకి ఆ పుస్తకం ఎన్నిసార్లు కొన్నా ముందుగా ఊడేది ఆ కాగితమే. దాన్ని తీసి పారేశావు.

రచయిత్రి: నలిగిన పేజీ అంతా నచ్చిన పేజీయేనా బాబాయ్? భయపడుతూ చదివిన పేజీ కూడా నలుగుతుంది. అతని వేళ్ల గుర్తులు ఆమె చేతి మీద ఎర్రగా మిగిలాయని రాశాను. రాత్రి దీపం కింద ఆమె ఆ గుర్తులు చూసుకుని నవ్వుకుంటుందని కూడా రాశాను. పత్రికకు ఉత్తరాలు కట్టలు కట్టలు వచ్చాయి. ఇవాళ మా మనవరాలి వయసు పిల్ల అది చదివితే ఆ నవ్వు దగ్గరే పుస్తకం మూసేస్తుంది.

బాబాయి: మూసెయ్యనీ. నీ హీరో ఒక్కడే చేశాడా ఆ పని? ఆ రోజుల్లో నా షాపులో ఉన్న హీరోలందర్నీ వరసగా నిలబెడితే సగంమంది చేతిలో ఎవరిదో ఒక మణికట్టు ఉంటుంది. ఆరడుగుల ఎత్తు, పడవంత కారు, నోరు విప్పని గర్వం. అదొక కాలం. ఆ కాలం ఎట్టా ఉండేదో తెలియాలంటే ఆ పేజీ ఉండాలి. నువ్వు చెరిపేస్తే, మనం అప్పుడే ఎంతో మర్యాదగా ప్రేమించుకున్నామని మీ మనవరాలు అనుకుంటుంది. అది అబద్ధం కాదా?

రచయిత్రి: చరిత్ర కావాలంటే లైబ్రరీలో పాత సంచికలున్నాయి. నేను చరిత్ర రాయలేదు. ఒక అమ్మాయీ అబ్బాయీ కథ రాశాను. అది సరిగ్గా నిలబడలేదని నాకు తెలిసింది. తెలిసిందంటే నీతి బుద్ధితో కాదు బాబాయ్, పనిలో దిగాక తెలిసింది. మొదట నేను ఆ పేజీ ఒక్కటీ తీసి, మిగతాదంతా యథాతథంగా ఉంచుదామనుకున్నాను. తీసేసరికి, గండి పడ్డ గట్టులా ఆ తర్వాతి ప్రకరణాలన్నీ జారిపోయాయి. ఆమె ఎందుకు కోపంగా ఉంది? ఎందుకు ఉద్యోగం మానేసింది? ఎందుకు అతని ఉత్తరం విప్పకుండా తిప్పి పంపింది? ఆ వందపైచిలుకు పేజీల ఎడబాటంతా ఆ మణికట్టు మీద నిలబడి ఉంది. ఇంత కథకి నేను వేసిన పునాది అంతేనా అని నాకే చిన్నతనంగా అనిపించింది.

బాబాయి: పునాది ఏదైతే ఏం, మేడ నిలబడిందిగా. అంతమంది అందులో కాపరం చేశారు.

రచయిత్రి: ప్రేమ నవలకి అసలు కష్టం ఎక్కడుందో చెప్పనా? ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని పదో పేజీకల్లా పాఠకురాలికి తెలిసిపోతుంది. ఒక్క మాట అనుకుంటే కథ అయిపోతుంది. ఆ మాట రెండొందల పేజీలపాటు ఎందుకు అనుకోరు? ఆ కారణం దొరికితే నవల ఉంటుంది, లేకపోతే లేదు. చలంగారు 'మైదానం'లో ఆ గొడవే పెట్టుకోలేదు. రాజేశ్వరి కథ మొదట్లోనే గడప దాటి అమీర్‌తో వెళ్లిపోతుంది. వెళ్లాక ఏమైందన్నదే ఆ కథ. అది ప్రేమ గురించిన పుస్తకమే గానీ మనం అనుకునే ప్రేమ నవల కాదు. విశ్వనాథవారి 'ఏకవీర' చూడండి. ఇద్దరు స్నేహితులు, ఒకడు మనసిచ్చిన పిల్లని ఇంకొకడు పెళ్లాడతాడు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. తెలియకపోవడానికీ చెప్పకపోవడానికీ అక్కడ ఎంత బలమైన కారణం ఉందంటే, చివరికది ప్రాణాల మీదికొచ్చినా మనకి ఆశ్చర్యం వెయ్యదు. మాలాంటి సీరియల్ రచయిత్రులం ఆ కారణాన్ని చవగ్గా తెచ్చుకునేవాళ్లం. అపార్థం, మధ్యలో మాయమైన ఉత్తరం, పట్టుకుని వదలని చెయ్యి.

బాబాయి: విశ్వనాథవారి పేరెత్తావు గనక అడుగుతున్నా. ఆయన 'వేయిపడగలు' ఇరవై తొమ్మిది రోజుల్లో నోటితో చెప్పి రాయించారని బెజవాడలో ఎవర్నడిగినా చెబుతారు. అంత గ్రంథం చెప్పినాయన, కూర్చుని దిద్దుకుంటూ ఉండిపోలేదే?

రచయిత్రి: ఆ నోరు ఆయనకుంది. నాకు లేదు. నాకున్నది వారం వారం వచ్చే గడువు. గురువారం సాయంత్రం పత్రికాఫీసు కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉంటే లోపల చివరి పేజీ రాసేదాన్ని. ఏమైనా జరిగి ఆగిపోవాలి, లేకపోతే వచ్చేవారం కొనరు. అలా ప్రతి పది పేజీలకీ ఒక తలుపు చప్పుడు, ఒక కేక, ఒక టెలిగ్రాం. విడిగా వారానికొకసారి చదివితే గుండె ఝల్లుమంటుంది. పుస్తకంగా ఒక్కచోట చదివితే ఊరికే ఎవరో తలుపు కొడుతూనే ఉంటారు. అవి చాలా తీసేశాను.

బాబాయి: చూశా, తీసేశావు. ఆ తలుపు చప్పుళ్లే వాళ్లకి ఊపిరి పీల్చుకునే చోటు. అన్నాలు పెట్టి, గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టాక చదువుకునే మనిషికి, ఇక్కడ ఆపొచ్చు అని ఎవరో ఒకరు చెప్పాలి. పుస్తకమైనా అక్కడే ఆపేది. నువ్వేమో ఏకధాటిగా వంద పేజీలు నడిపించావు. తీరిక ఉన్నవాళ్లకి రాశావు.

రచయిత్రి: ఈ మాట మాత్రం నిజమే. దాని గురించి నేను ఆలోచించలేదు.

బాబాయి: ఆలోచించు. నెలకోసారి వచ్చేవాటికి ఇంకో లెక్క ఉండేది. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వచ్చింది, 1960ల మధ్యలో. రాజశేఖరం ఒక మాట అంటే జయంతి ఏమంటుందో తెలియడానికి నెల్లాళ్లు ఆగాలి. ఆ నెల్లాళ్లూ ఊళ్లో ఆడపిల్లలే ఆ జవాబు రాసుకునేవాళ్లు మనసులో. పుస్తకంగా వచ్చాక అద్దెకిచ్చీ ఇచ్చీ నా చేతులు అరిగిపోయాయి. తల్లులు శరత్ నవలలు పట్టుకెళ్లేవాళ్లు, తెనాలి చక్రపాణిగారి పుణ్యమా అని శరత్ మనవాడే అనుకునేవాళ్లాయె. కూతుళ్లు యద్దనపూడి పట్టుకెళ్లేవాళ్లు. ఒకే సంచీలో రెండూ.

రచయిత్రి: సులోచనారాణిగారిని కలల ఫ్యాక్టరీ అన్నవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. కారూ మేడా వదిలెయ్యండి, జయంతిని చూడండి. ఉద్యోగం చేస్తుంది, జీతం తీసుకుంటుంది, జీతమిచ్చేవాడి ముందు తలెత్తి మాట్లాడుతుంది. ఆ కాలంలో ఆ మూడూ ఒక్క పిల్లలో చూడ్డమే మాకు అపురూపం. హీరో ఎత్తు ఎవడిక్కావాలి! ఇంకో సంగతి, సులోచనారాణిగారు పుట్టింది మొవ్వ మండలం కాజలో. అదే మండలంలో కూచిపూడి. అదే మండలంలో క్షేత్రయ్య పదాల మువ్వ గోపాలుడి గుడి. మొగుడి మీద అలిగి, గర్వం దించుకోలేక, ఉండబట్టలేక ఉత్తరం రాసే సత్యభామని రాత్రుళ్లు భామాకలాపంలో చూసిన నేల అది. ఆ పొగరుబోతు పిల్లే జడ వేసుకుని సెక్రటరీ ఉద్యోగంలో చేరిందని నా నమ్మకం.

బాబాయి: నమ్ముకో, కాదనను. దానికి నేనొకటి కలుపుతా. 1976లో 'సెక్రటరీ' సినిమా వచ్చింది, అందులో రాజశేఖరం అక్కినేని. అదే ఏడు 'మహాకవి క్షేత్రయ్య' వచ్చింది, అందులో క్షేత్రయ్యా అక్కినేనే. ఆయనదీ గుడివాడ పక్క రామాపురమేగా. మొత్తం కృష్ణా జిల్లాలోనే తేలిపోయింది వ్యవహారం.

రచయిత్రి: మరి నా మాట కూడా వినండి. భామాకలాపం సిద్ధేంద్రుడు చెప్పింది చెప్పినట్టే ఉందా? మేళం మేళానికీ మారింది, వేషం కట్టినవాళ్లను బట్టి మారింది, ఎన్ని తరాలుగానో మారుతూనే ఉంది. అసలైనది ఏదీ అని ఎవరైనా గొడవ పడ్డారా? ప్రేమకథకి తిరగరాత మన దగ్గర కొత్తా?

బాబాయి: అక్కడే నువ్వు దొరికిపోయావు. మార్చింది సిద్ధేంద్రుడు కాదుగా! తర్వాతివాళ్లు మార్చుకున్నారు. సులోచనారాణిగారి 'మీనా' చూడు. 1973లో విజయనిర్మల సినిమా తీసింది. 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' తీస్తే, ఇది మీనాయే కదా అని జనం మళ్లీ ఆ పుస్తకం గురించే మాట్లాడుకున్నారు. ఎవరి కాలానికి తగ్గట్టు వాళ్లు కథని తిప్పుకున్నారు. పుస్తకంలో మీనా మాత్రం పుస్తకంలోనే ఉంది. నీ నవల కూడా ఎవరైనా అట్టా మార్చుకుంటే నాకు అభ్యంతరం లేదు. నువ్వు మారిస్తే పాతది చచ్చినట్టే. పేరూ నీదే, సంతకమూ నీదే, ఇక పాతదాని తరఫున మాట్లాడేదెవరు?

రచయిత్రి: బతికున్న రచయిత్రికి తన పుస్తకం మీద సినిమావాళ్లకున్నపాటి హక్కు కూడా లేదా? జేన్ ఆస్టిన్ సంగతి చెబుతాను వినండి. 'పర్సుయేషన్' అని ఆమె పూర్తిచేసిన చివరి నవల. ఎనిమిదేళ్ల కిందట విడిపోయిన ఇద్దరి కథ. 1816 జూలైలో ముగింపు రాసేసింది. అందులో హీరో అయిన కెప్టెన్‌ని ఎవరో పెద్దాయన పంపుతాడు, మీరు ఫలానా ఆయన్ని పెళ్లాడుతున్నారటగా అని హీరోయిన్ని అడిగి రమ్మని. ఆమె లేదంటుంది. అంతే, శుభం. ఆస్టిన్‌కి నచ్చలేదు. ఆగస్టుకల్లా కొట్టేసి మళ్లీ రాసింది. ఈసారి హీరోయిన్ ఎవరితోనో, ఆడవాళ్లు ఎంతకాలం మనసులో పెట్టుకోగలరో మాట్లాడుతూ ఉంటుంది. అదే గదిలో అతను ఏదో రాసుకుంటూ వింటాడు, వింటూనే ఆమెకు ఉత్తరం రాస్తాడు. తేడా చూడండి. మొదటిదాంట్లో ఆమె అడిగితే జవాబు చెప్పింది. రెండోదాంట్లో ఎవరూ అడక్కుండా తన మాట తను చెప్పింది. కొట్టేసిన ఆ కాగితాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆమె అచ్చయిన నవలల్లో చేతిరాతగా మిగిలింది ఆ కాస్తే.

బాబాయి: చాలా బాగుంది. ఆమె అచ్చుకాకముందు మార్చింది. నువ్వు ఎప్పుడు మారుస్తున్నావు?

రచయిత్రి: సరే, అచ్చయ్యాక మార్చినవాణ్ణే చెబుతాను. హెన్రీ జేమ్స్ 'ది పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ' 1881లో వచ్చింది. 1908లో మళ్లీ వేసేటప్పుడు పుస్తకమంతా దిద్దాడు. చివర్లో ఒక ముద్దు ఉంటుంది. మొదట మెరుపులా మెరిసి ఆరిపోయిన ఆ ముద్దు దగ్గర, 27 ఏళ్ల తర్వాత కూర్చుని, ఆ క్షణంలో ఆ మనిషికి లోపల ఏమైందో కూడా రాశాడు.

బాబాయి: జనం ఏది చదువుతున్నారు?

రచయిత్రి: రెండూ దొరుకుతాయి. ఏది మేలన్న దాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

బాబాయి: రెండూ దొరుకుతాయి! ఆ మాట పట్టుకో. నీ రెండూ దొరుకుతాయా ఏలూరు రోడ్డులో? పాతది ముద్రణలో లేదు. కొత్తదొక్కటే దొరుకుతుంది. మన రంగనాయకమ్మగారున్నారు. తన పాత నవలలు తనకే నచ్చకపోతే తర్వాతి ముద్రణల ముందుమాటల్లో తనే దులిపేసుకున్నారు. పుస్తకాన్ని నిలబెట్టి, దాని ముందు నిలబడి తిట్టారు. పాఠకుడికి రెండూ దక్కాయి. నువ్వు ఆ పని ఎందుకు చెయ్యవు?

రచయిత్రి: ఆవిడకి వాదించడం వచ్చు. నాకు కథ రాయడమే వచ్చు. ఆ పేజీ తప్పని పది పేజీల ముందుమాట రాయడం కన్నా, ఆ పేజీ ఎలా ఉండాలో రాసి చూపించడం నా పని.

బాబాయి: చూపించావులే. ఆ గట్టూ అదే, ఆ వానా అదే. బురదలో ఆ పిల్ల కాలు జారబోతే వాడు చెయ్యి ఇస్తాడు. గట్టెక్కగానే వదిలేస్తాడు. నా షాపుకొచ్చే పిల్లలైతే, వీడేం హీరో అనేవాళ్లు.

రచయిత్రి: అక్కడితో ఆపారా మీరు? ఆ తర్వాత వాడేం చేశాడు?

బాబాయి: ఆ పిల్ల నాన్నకి మిల్లులో గుమాస్తా ఉద్యోగం ఇప్పించాడు. ఆ పిల్లకి చెప్పకుండా.

రచయిత్రి: అది రాయడానికే నాకు చాలా రోజులు పట్టింది. పని పోయి ఇంట్లో కూర్చున్న తండ్రి ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని, చాలాకాలం తర్వాత నవ్వుతూ బయల్దేరతాడు. ఆమె ఇప్పుడు ఏమనాలి? అతనంటే ఇష్టమే. ఔనంటే, ఉద్యోగానికి బదులు తీర్చినట్టుంటుంది. కాదంటే, తండ్రి నవ్వు పోతుంది. కాబట్టి నోరు మెదపదు. కోపం ఉంది, ప్రేమ ఉంది, మాట లేదు. అతనికి అర్థం కాదు, మేలు చేశాననుకుంటాడు. పాత నవలలో రెండొందల పేజీలు నడపడానికి నేను ఎన్ని ఉత్తరాలు పోగొట్టానో! ఇందులో ఒక్క ఉత్తరం కూడా పోలేదు.

బాబాయి: అమ్మాయ్, ఉన్నమాట చెప్పనా? అది కూడా చెయ్యి పట్టుకోవడమే. ఈసారి మణికట్టు కాదు, సంసారాన్నే పట్టుకున్నాడు.

రచయిత్రి: అవును! అదే నేను రాసింది. కాకపోతే ఈసారి అది ఆమెకు తెలుసు. అందుకే రాత్రి దీపం కింద నవ్వుకోదు.

బాబాయి: నాకు మణికట్టు పట్టుకున్నవాడే నయమనిపిస్తోంది. కనీసం కనపడేట్టు పట్టుకున్నాడు.

రచయిత్రి: మీరలా అనుకుంటే నా నవల పనిచేసినట్టే.

బాబాయి: పొంగిపోకు. ఆ ఫోన్ల పిచ్చి మాత్రం పెట్టుకోలేదు, సంతోషం. తిరగరాస్తున్నావంటే అందరి చేతుల్లోనూ సెల్లులు పెడతావేమోనని భయపడ్డా.

రచయిత్రి: ప్రచురణకర్త అడిగారు, నేటి కాలానికి మార్చమని. యండమూరిగారి 'వెన్నెల్లో ఆడపిల్ల' ఒక్కసారి తలుచుకోమన్నాను. ఒక అమ్మాయి ఫోన్ చేసి, నా నంబరు ఏదో కనుక్కో, నెల గడువు అంటుంది. ఆ నవలంతా ఆ వెతుకులాటే. ఇప్పుడైతే మోగగానే నంబరు కనపడుతుంది, మొదటి పేజీలోనే సమాప్తం. కాలం మార్చనని చెప్పేశాను.

బాబాయి: ఇందులో నీతో నాకు పేచీ లేదు. పేచీ ఉన్నది ఇంకోచోట. ఉప్పెన తీసేశావు.

రచయిత్రి: అది మీరు అడుగుతారని తెలుసు.

బాబాయి: ఎందుకడగను? మా ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ. 1977 నవంబరు 19. ఆ రాత్రి దివిసీమలో ఎన్ని వేలమంది పోయారు! పాత నవలలో రైసుమిల్లు అబ్బాయికి కుదిర్చిన మేనమరదలు నాగాయలంకలో ఆ ఉప్పెనలో కొట్టుకుపోతుంది. ఆ ప్రకరణం చదివి మా ఆవిడ మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

రచయిత్రి: అందుకే ఆ ప్రకరణం తీసేశాను బాబాయ్. ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయింది? సముద్రం వచ్చి కాదు. హీరోకి హీరోయిన్ దక్కాలి, మధ్యలో మేనమరదలు అడ్డుంది, ఇంకో సీరియల్ మొదలవ్వబోతోంది, నాది తొందరగా ముగించమన్నారు. అన్నివేలమంది చావుని తెచ్చి నా కథకి దారి చేసుకున్నాను. ఒక ఊరు ఊరంతా పోయిన రాత్రిని పెళ్లి ముహూర్తానికి వాడుకోవడం ఇప్పుడు నావల్ల కాదు.

బాబాయి: నువ్వు ఎందుకు రాశావో నాకనవసరం. చదివినవాళ్లకి ఏం దక్కిందో చెబుతా. ఆ రోజుల్లో ప్రేమ నవలల్లో ఊటీ ఉండేది, కాశ్మీరు ఉండేది. మా నాగాయలంక ఎక్కడుంది? కోడూరు ఎక్కడుంది? పేపర్లో అంకెలొచ్చాయి, తర్వాత అవీ రావడం మానేశాయి. నీ సీరియల్లో ఆ పిల్లకి ఒక పేరుంది. రెండు జళ్లున్నాయి. గాజుల పెట్టె ఉంది. వేలమందిలో ఒక్కదానికి పేరు పెట్టావు నువ్వు. మా ఆవిడ ఏడ్చింది నీ హీరో పెళ్లికి కాదు, పేరు తెలిసిన ఒక పిల్ల కోసం. తనవాళ్ల కోసం నోరు విప్పి ఏడవలేనిది ఆ పిల్ల కోసం ఏడ్చింది. అది తీసేసి, నాకు నీతి చెబుతున్నావా?

రచయిత్రి: ...

బాబాయి: మాట్లాడవేం?

రచయిత్రి: పిన్ని అలా చదివిందని నాకు తెలియదు.

బాబాయి: నీకు ఉత్తరాలు రాసినవాళ్లది నీకు తెలుసు. రాయనివాళ్లది నాకు తెలుసు. నేను ఇందాకట్నించీ చెబుతున్నది అదే.

రచయిత్రి: అయినా ఒకటుంది బాబాయ్. నేను ఆ పిల్లని ఊరికే మాయం చెయ్యలేదు. కొత్తదాంట్లో ఆమె బతికే ఉంది. ఉప్పెన కూడా ఉంది, మీరు సరిగ్గా చూడలేదు. ఆమె అమ్మా నాన్నా పోయారు. ఆమె మిగిలి, బందరులో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకుని, పోస్టాఫీసులో చేరింది. చచ్చిపోయిన మేనమరదలైతే హీరో ఏమీ తేల్చుకోనక్కర్లేదు, సముద్రమే తేల్చేసింది. బతికున్న మేనమరదలు ఎదురుగా కూర్చుంటే అతను నోరు తెరవాలి. నిన్ను చేసుకోను అని, అన్నీ పోగొట్టుకున్న పిల్లకి, తన నోటితో చెప్పాలి. పాత నవలలో అతనికి ఆ అవసరమే రాలేదు. కారు నడిపాడు, వానలో తడిశాడు, మాట మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఈ నవలలో ఆ పోస్టాఫీసు ఘట్టం తర్వాతే నాకు అతను మనిషిలా కనిపించాడు.

బాబాయి: ఆ ఘట్టం చదివా. ఆ పిల్ల స్టాంపులు చించుతూ, సరే బావా అంటుంది. ఇంకేమీ అనదు. అది బాగా రాశావు. కానీ అక్కణ్ణించి నాకు నీ టైపిస్టు పిల్ల మీద ఆసక్తి పోయింది. ఆ పోస్టాఫీసు పిల్ల ఏమైందో చెబుతావేమోనని చివరిదాకా చూశా. చెప్పలేదు.

రచయిత్రి: అది ఇంకో నవల.

బాబాయి: అదే రాయొచ్చుగా మరి! పాతదాన్ని ఎందుకు కదిలించడం? పాతదాంట్లో ఆమె చచ్చిపోయింది, కొత్త నవలలో బతికించి నీ ఇష్టం వచ్చినంత రాసుకో. పేరు మార్చు. ఇది ఆ పుస్తకం కాదు. చెయ్యి వదిలేసిన హీరో, ఉప్పెన దాటొచ్చిన మరదలు, పోని ఉత్తరాలు. దీనికి పాత పేరు పెడితే పాత పుస్తకం అనుకుని కొనుక్కున్నవాళ్లని మోసం చేసినట్టే.

రచయిత్రి: పేరు మార్చనివ్వరు. పాత పేరుకే గిరాకీ ఉందంటున్నారు. జనవరిలో పుస్తక మహోత్సవానికి అందాలట. ఆ పేరు చూసి పాతవాళ్లు కొంటారు, అట్ట చూసి కొత్తవాళ్లు కొంటారని వాళ్ల లెక్క.

బాబాయి: చూశావా, నీ తిరగరాత సంగతి వాళ్లకి పట్టలేదు. పేరు కొన్నారు. లోపల నువ్వు ఏం మార్చినా ఒకటే.

రచయిత్రి: నాకు ఒకటి కాదుగా. మీరేమనుకున్నా సరే, ఆ మణికట్టు పేజీ నా పేరు మీద మళ్లీ అచ్చు కానివ్వను.

బాబాయి: నేను అచ్చెయ్యమన్నానా? ఉన్నదాన్ని ఉండనివ్వమన్నా. సరే, నువ్వు మాట వినేట్టు లేవు. ఒక్క పని చెయ్యి. ఇది మార్చి రాసిన నవల అని మొదటి పేజీలో పెద్దక్షరాలతో వెయ్యి. ఏమేం మార్చావో కూడా రాయి. మేనమరదలు పాత పుస్తకంలో ఉప్పెనలో పోయిందని రాయి. పాతది కావలసినవాళ్లు వెతుక్కుంటారు.

రచయిత్రి: అది రాస్తాను. మేనమరదలి సంగతి ముందే చెప్పేస్తే కథ తెలిసిపోదా?

బాబాయి: తెలిస్తే ఏం? నా షాపులో పుస్తకాలకి మొదటి పేజీలోనే ఎవరో ఒకరు పెన్సిలుతో రాసేవాళ్లు, చివర్లో పెళ్లవుతుంది అని. అది చదివి కూడా తీసుకెళ్లేవాళ్లు.

రచయిత్రి: ఇంతకీ మీ దగ్గర ఆ సీరియల్ బైండు ఉందా బాబాయ్? పుస్తకంగా వేసినప్పుడు పేజీలు ఎక్కువయ్యాయని ఒక ప్రకరణం తగ్గించారు. ఆ సంచిక నా దగ్గర లేదు.

బాబాయి: ఉంది. మా ఆవిడది.

రచయిత్రి: నాలుగు రోజులు ఇస్తారా?

బాబాయి: ఇక్కడే కూర్చుని చదువుకో. ఇంటికి పంపను. నువ్వు పెన్ను పట్టుకునే వచ్చావు.